పుస్తకం ఒకటే, బడి రెండు

సర్పంచ్ గారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలోని అక్కచెల్లెళ్లకు నమస్కారం. వద్దన్నా శాలువా కప్పారు. ఉక్కగా ఉంది, తీసి పక్కన పెడుతున్నాను, ఏమీ అనుకోకండి.

అక్షరాస్యతా దినోత్సవం కదా, 'చదువు-శాంతి' మీద మాట్లాడమన్నారు. ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్ సంగతి రాసుకొచ్చాను. అక్కడ ప్రొటెస్టెంట్ల పిల్లలకో బడి, క్యాథలిక్కుల పిల్లలకో బడి. ఆ రెండు వర్గాల గొడవల్లో బాంబులు పేలే రోజుల్లో, 1981లో, కొందరు తల్లిదండ్రులు పట్టుబట్టి లాగన్ కాలేజీ అని ఉమ్మడి బడి తెరిచారు. చేరింది 28 మంది. 1998లో శాంతి ఒప్పందమైంది. అయినా అక్కడ ఎక్కువమంది పిల్లలు ఈనాటికీ వేరువేరు బడులకే పోతున్నారు. ఇది రాస్తుంటే నా బడి గుర్తొచ్చింది. కాగితం జేబులో పెట్టేస్తున్నాను.

1991. నెల్లూరు జిల్లాలో అక్షరదీపం, అంటే పెద్దలకు చదువు నేర్పే కార్యక్రమం. నేను వాలంటీరును. రాత్రిబడి రామాలయం అరుగు మీద. అరుంధతివాడ ఆడవాళ్లు పలకలు పట్టుకుని వచ్చి, వేపచెట్టు కిందే ఆగిపోయారు. పైకి రండమ్మా అన్నాను. రాలేదు. అరుగు మీదున్నవాళ్లు జరిగి చోటివ్వనూ లేదు. నాలుగో రోజు నేనేం చేశానో తెలుసా? వాడలో ఇంకో బడి పెట్టేశాను. గొడవ లేదు, టెన్షన్ లేదు. రెండు లాంతర్లు, రెండు హాజరు పట్టీలు. పైవాళ్లు మెచ్చుకున్నారు కూడా!

మరుసటేడు సారా ఉద్యమం. సారా మీద పోరాడిన దూబగుంట రోశమ్మ గారి గురించి మీకు నేను చెప్పాలా? వాచకంలో సారా పాఠం చదివిన ఆడవాళ్లు అంగళ్లు మూయించారు, వేలం పాటలు ఆపించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. మా ఊరి అంగడి ముందు అరుగువాళ్లూ వాడవాళ్లూ ఒకే పట్ట మీద కూర్చున్నారు. తాగొచ్చి కొట్టే మొగుడికి కులమేముంది! అక్కడే వాడ పెద్దావిడ ఒకామె నన్ను అడిగింది: "పుస్తకం అందరికీ ఒకటే ఇస్తిరి గదా అయ్యవారూ, బడి రెండుచోట్ల ఎందుకు పెడితిరి?" చేతిలో చీపురుకట్ట. నేనొక అడుగు వెనక్కేశాను.

అంతా మారిపోయిందని చెప్పను. అంగడి మూతపడ్డాక ఎవరి బిందె వాళ్లదే, ఎవరి బావి వాళ్లదే. కలిసి కూర్చునే పని లేకపోయింది. నేనూ ఇంకో పని వెతకలేదు.

సర్పంచ్ గారూ, పొద్దున మీరు చూపించిన గ్రంథాలయం స్థలం గుడి వెనక ఉంది. వాడ నుంచి వచ్చే పిల్ల ఏ దారిన రావాలి? పునాదికి ముగ్గు పోయకముందే ఒకసారి ఆ పిల్లతో పాటు నడిచి చూడండి. నేనూ వస్తాను, కర్ర తెచ్చుకున్నాను.