తెర మీద సున్నా ఉంటే గ్యాస్ లేనట్టేనా? రెండు గ్యాస్ డిటెక్టర్ల రివ్యూ

నమస్తే అండి. ఇవాళ టేబుల్ మీద రెండు మీటర్లు పెట్టాను. ఈ చిన్నది బీడబ్ల్యూ క్లిప్, ఒక్క హైడ్రోజన్ సల్ఫైడ్ కోసం, అంటే మురుగులో పుట్టే, కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే విషవాయువు. పక్కన ఉన్నది మ్యాక్స్ ఎక్స్‌టీ 2. హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్, మీథేన్ లాంటి మండే గ్యాస్, ఈ నాలుగూ చూస్తుంది. గాలిని లాగడానికి లోపల పంపు ఉంది. పరవాడ, అచ్యుతాపురం వైపు ఈటీపీల్లో, అంటే ఫ్యాక్టరీల మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంట్లలో చేసేవాళ్ళు, సెప్టిక్ ట్యాంకుల కాంట్రాక్టర్లు చాలామంది అడుగుతున్నారు, ఈ రెండింట్లో ఏది కొనాలని.

ముందు వాసన సంగతి చెప్పాలి. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే గ్యాస్ ఉన్నట్టు, వాసన పోతే గ్యాస్ కూడా పోయినట్టు అని సైట్లలో గట్టిగా నమ్ముతారు. ప్రాణాలు తీసేది ఈ నమ్మకమే. ఒక పీపీఎం, అంటే గాలిలో పది లక్షల వంతుల్లో ఒక వంతు, అంతకన్నా తక్కువ ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది, నిజమే. కానీ 100 పీపీఎం దగ్గరకొచ్చేసరికి ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన ఆగిపోతుంది, గ్యాస్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. 500 దాటితే నిమిషాల్లో మనిషి కూలిపోతాడు. 1000 దగ్గర ఒకటి రెండు ఊపిర్లు చాలు.

ఇప్పుడు క్లిప్ చూద్దాం. ఒకసారి ఆన్ చేస్తే ఆపడానికి ఉండదు. రెండేళ్ళు నడుస్తుంది, ఛార్జింగ్ లేదు, గడువు అయ్యాక పక్కన పడేయడమే. 10 పీపీఎం దగ్గర మొదటి అలారం, 15 దగ్గర రెండోది. అలారం మోగితే లైటు వెలుగుతుంది, వణుకుతుంది కూడా. పంపుల రొదలో చెవికి వినపడకపోయినా ఒంటికి తెలుస్తుంది. పెట్టుకోవాల్సింది ఇదిగో, ఇక్కడ, కాలరు దగ్గర. ముక్కుకి జానెడు దూరంలో. బెల్టుకి పెట్టుకున్నా, కోటు లోపల దాచుకున్నా మీరు పీల్చే గాలిని అది చూడదు. ధర కూడా వేలల్లోనే, ప్రతి మనిషికీ ఒకటి ఇవ్వొచ్చు.

అయితే క్లిప్ ఒక్కటి నమ్ముకుని సంపులోకి దిగకండి. అది మోగేసరికే మీరు లోపల ఉంటారు. అక్కడ ఆక్సిజన్ తగ్గి ఉన్నా దానికి తెలియదు. పెద్ద మీటరు అవసరం అక్కడే. దీని ట్యూబును పైనుంచే లోపలికి వదలాలి. పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా ఆగి చూడాలి. ఎందుకంటే మీథేన్ తేలిక, పైకి చేరుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా బరువు, అడుగున కూర్చుంటుంది. ట్యూబు మీటరుకి మూడు సెకన్ల చొప్పున, ఆ పైన సెన్సారు తేరుకోవడానికి ఇంకో అర నిమిషం ఆగండి. అంకెల్లో మొదట చూడాల్సింది ఆక్సిజన్. 19.5 శాతం కన్నా తక్కువుంటే దిగొద్దు.

పైనుంచి చూసినప్పుడు అంతా సున్నాయే ఉండొచ్చు. తర్వాత దిగిన మనిషి బురదను పారతో కదిలిస్తాడు. దాంట్లో ఇరుక్కున్న గ్యాస్ ఒక్కసారిగా బయటికొస్తుంది. అందుకే దిగేముందు పెద్ద మీటరు, లోపల ఉన్నంతసేపూ కాలరు మీద క్లిప్, రెండూ కావాలి.

2015 నవంబరులో కోజికోడ్‌లో మన ఆంధ్ర నుంచి పనికి వెళ్ళిన ఇద్దరు మ్యాన్‌హోల్‌లో చిక్కుకున్నారు. వాళ్ళని కాపాడదామని దారిన పోతున్న ఒక ఆటో డ్రైవర్ దిగాడు. ముగ్గురూ పోయారు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా మనసు మనసులో ఉండదు.

ఇప్పుడు పెద్ద మీటరుకి పరీక్ష గ్యాస్ సిలిండర్ కడుతున్నాను, తెర చూడండి. ఇందులో 25 పీపీఎం హైడ్రోజన్ సల్ఫైడ్, 100 పీపీఎం కార్బన్ మోనాక్సైడ్, 2.5 శాతం మీథేన్, 18 శాతం ఆక్సిజన్ ఉన్నాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ అంకె చూడండి, 3... 9... 17... 24. పక్కన మండే గ్యాస్ అంకె 50 దగ్గరికి వెళ్తోంది, అంటే అంటుకోవడానికి కావాల్సిన కనీస మోతాదులో 50 శాతం. ఆక్సిజన్ 20.9 నుంచి దిగుతోంది. అలారం మోగింది. దీన్నే బంప్ టెస్ట్ అంటారు. రోజూ పని మొదలుపెట్టేముందు చెయ్యాలి, రెండు నిమిషాల పని.

మూడేళ్ళ క్రితం ఒక కాంట్రాక్టరు తెచ్చిన వేరే మీటరుకి ఇలాగే గ్యాస్ పెట్టాను. మిగతా మూడు అంకెలూ కదిలాయి, మండే గ్యాస్ మాత్రం సున్నా దగ్గరే ఉండిపోయింది. విషయం ఏంటంటే, వాళ్ళ టూల్ బాక్సులో మీటరు పక్కనే సిలికాన్ స్ప్రే డబ్బా ఉంది. ఆ ఆవిరి తగిలితే ఆ సెన్సారు పాడవుతుంది. పైకి ఏమీ తెలియదు, తెర చక్కగా వెలుగుతూనే ఉంటుంది. అంతకుముందు ఎన్ని ట్యాంకులకి దాని మీద పర్మిట్ ఇచ్చారో! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంకో మాట. ఈ నాలుగు గ్యాసుల మీటరు విషవాయువులన్నిటినీ పట్టదు. 2020 మే 7న విశాఖలో లీకైన స్టైరీన్ లాంటి రసాయనాల ఆవిరిని పీపీఎంలలో చూడాలంటే పీఐడీ, అంటే అతినీలలోహిత కాంతితో ఆవిరిని పట్టే సెన్సారు ఉన్న మీటరు కావాలి. మీ ప్లాంటులో ఏ రసాయనాలున్నాయో ముందు వాటి వివరాల కాగితాలు చూసుకోండి.

కొనడం విషయానికొస్తే, పంపు ఉన్నది జట్టుకి ఒకటి, క్లిప్ దిగే ప్రతి మనిషికీ ఒకటి. పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ పీసో అనుమతి మీటరుకి ఉందో లేదో అడగండి. బేరంలో సిలిండరు, రెగ్యులేటరు కూడా కలపమనండి. సిలిండరు మీద గడువు తేదీ కూడా ఉంటుంది, అది చూసి తీసుకోండి. మీటరు కొనడానికి డబ్బుంది, సిలిండరుకి లేదు అనే ఓనర్లుంటే, ఇందాక 3 నుంచి 24 దాకా ఎక్కిన ఆ అంకెల్ని వాళ్ళకి చూపించండి.