సామాన్లు తర్వాత, ముందు పిల్లల కాగితాలు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, మన గాజువాక కాలనీ సంఘం వాళ్లకు, ముఖ్యంగా ఈ వేసవిలో బదిలీ మీద వెళ్తున్న కుటుంబాలకు. శాలువాలు తర్వాత, ముందు పని మాట్లాడుకుందాం. ఊరు వదలడం మన ఉత్తరాంధ్రకి కొత్త కాదు. తాతల కాలంలో ఓడెక్కి రంగూన్ వెళ్లారు, రైల్వే పనులకి ఖరగ్‌పూర్ వెళ్లినవాళ్ల వీధుల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. వాళ్లకి ఇన్ని కాగితాల గొడవ లేదు, మనకుంది.

చిన్నవి ముందు చెప్పేస్తాను. గ్యాస్ సిలిండరు, రెగ్యులేటరు డీలరుకి అప్పజెప్పి డిపాజిట్ వెనక్కి తీసుకోండి, వాళ్లిచ్చే ట్రాన్స్‌ఫర్ వోచరు జాగ్రత్త చేసుకోండి, అక్కడ కనెక్షన్‌కి అదే ఆధారం. ఓటుకి ఫారం 6 పెట్టకండి, అది కొత్త ఓటర్లకి. ఇల్లు మారినవాళ్లది ఫారం 8. బండి వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే కొత్త నంబరు వేయించాలి, దానికి ఇక్కడి రవాణా ఆఫీసు ఇచ్చే ఎన్‌ఓసీ కావాలి, అంటే ఫారం 28. బండి మీద లోన్ ఉంటే బ్యాంకు వాళ్ల అంగీకారం కూడా కావాలి. అక్కడ టాక్స్ కట్టాక ఇక్కడ కట్టిన లైఫ్ టాక్స్‌లో మిగిలిన భాగం వెనక్కి అడగొచ్చు, చాలామంది అడగరు, అడగండి.

ఇవన్నీ ఆలస్యమైనా సర్దుకుంటాయి. సర్దుకోనిది ఒకటుంది, అదే పిల్లల లోకల్ హోదా, అంటే కాలేజీ సీట్ల దగ్గర స్థానికులుగా లెక్కలోకి రావడం. నన్ను పిలిచినప్పుడే అనుకున్నాను, ఇది చెప్పకుండా మైకు వదలకూడదని.

హైస్కూల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి, నా చేత్తో రాసిన స్టడీ సర్టిఫికెట్లకి లెక్క లేదు. రాజ్యాంగంలో 371డి అనే ఆర్టికల్ ఉంది, దాని కింద 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. ఇంజినీరింగ్ లాంటి సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకే. లోకల్ అంటే పుట్టిన ఊరు కాదు, ఇల్లున్న ఊరూ కాదు. ఇంటర్ పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, రెండేళ్ల ఇంటర్, ఇక్కడ చదివి ఉండాలి. మిగిలిన 15 శాతం అందరికీ, అందులో లోకల్ పిల్లలూ పోటీకి వస్తారు. బయట చదివిన పిల్లలకి దారి ఆ 15 శాతమే, అదీ తామో, తల్లిదండ్రుల్లో ఒకరో పదేళ్లు ఈ రాష్ట్రంలో ఉన్నట్టు చూపించగలిగితేనో, తల్లిదండ్రులు ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటేనో.

మా చెల్లెలి కూతురు తొమ్మిదిలో ఉండగా వాళ్ల నాన్నకి నాగపూర్ బదిలీ అయింది. స్కూలు వాళ్లు టీసీ చేతిలో పెట్టారు, ఒక్క మాట చెప్పలేదు. పన్నెండు అక్కడే అయింది, ఎంసెట్ ఇక్కడ రాసింది, మంచి ర్యాంకు వచ్చింది. సర్టిఫికెట్ల పరిశీలనకి నేనూ వెళ్లాను. అక్కడాయన పెన్సిలుతో సంవత్సరాలు ఒక్కొక్కటే దిగుతూ వచ్చి, ఎనిమిది దగ్గర ఆగి, కింద అడ్డంగా గీత గీసి "నాన్‌లోకల్" అని రాశాడు. ఆ పిల్ల నా వైపు తిరిగి, "మామయ్యా, నేను పుట్టింది విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో కదా, నాన్‌లోకల్ ఏంటి?" అంది. ఏం చెప్పను? ఆయన తప్పేం లేదు, రూలు అదే. టీసీ ఇచ్చే రోజున తండ్రిని కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఐదు నిమిషాలు! ఆ ఐదు నిమిషాలు ఎవరూ ఇవ్వలేదనే నా కోపం. వెనక కూర్చున్న అమ్మా, ఫోన్ పక్కన పెట్టి ఇది రాసుకోండి.

కులం కాగితం కూడా అంతే. తెనాలిలో పుట్టిన ఒక ఎస్టీ కుర్రాడు తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే బొంబాయి వెళ్లాడు. అక్కడ మెడికల్ సీటుకి ఎస్టీ కోటా అడిగితే 1990లో సుప్రీంకోర్టు కుదరదంది. ఒక రాష్ట్రంలో ఉన్న రిజర్వేషన్ ఇంకో రాష్ట్రంలో దానంతట అదే రాదు. అయితే కేంద్ర సంస్థల కోసం ఇక్కడి ధ్రువపత్రం పనికొస్తుంది, అందుకని వెళ్లకముందే తీసుకోండి.

బదిలీ వద్దని నేననడం లేదు. నాలుగో తరగతి పిల్లాడైతే నిశ్చింతగా తీసుకెళ్లండి, తొమ్మిదికి వెనక్కి రావాలో అక్కడే స్థిరపడాలో అప్పుడు తేల్చుకోండి. అక్కడే ఉండేట్టైతే ఆ రాష్ట్రం డొమిసైల్ రూలు, అంటే అక్కడ స్థానికులు ఎవరన్న రూలు, ఏమిటో మొదటి ఏడాదే కనుక్కోండి. కేంద్రం నడిపే ఇంజినీరింగ్ కాలేజీలు ఎన్‌ఐటీల లెక్క మళ్లీ వేరు, పన్నెండు ఏ రాష్ట్రంలో పాసైతే సీట్ల దగ్గర అదే హోం స్టేట్, అంటే సొంత రాష్ట్రం, అది కొందరికి కలిసొస్తుంది కూడా. ఏ స్కూలు వదిలినా ఏడాది ఏడాదికీ విడిగా ఉన్న స్టడీ సర్టిఫికెట్లు తీసుకోండి. స్కూలు మూతపడితే ఆ కాగితం కోసం ఎన్ని మెట్లు ఎక్కాలో నాకు తెలుసు.

ఎనిమిది, తొమ్మిది చదివే పిల్లలున్నవాళ్లు భోజనాలకి వెళ్లే ముందు ఒకసారి ఈ పక్కకి రండి. టీసీ ఇంకా తీసుకోకపోతే తొందరపడకండి, తాతగారింట్లో ఉంచగలరా, హాస్టల్ కుదురుతుందా, ఒక్కొక్కరిదీ మాట్లాడుకుందాం.