వరదలో నుయ్యి

అందరికీ నమస్కారమండి.

మా కోనసీమలో ఘంటసాల గారి గొంతుతో భగవద్గీత మైకులో వినపడిందంటే జనం అడిగే మొదటి మాట "ఎవరు పోయారు?" అని. చేతిలో గీత పుస్తకం కనపడినా ఇంచుమించు అంతే. మొన్న బస్సులో తీసి చదువుకుంటుంటే పక్క సీట్లో పెద్దాయన నా వంక జాలిగా చూసి, "ఏం బాబూ, ఇంట్లో అందరూ బావున్నారా?" అన్నాడు. ఆయ్, బావున్నారండి. నేనే ఒక శ్లోకం దగ్గర ఇరుక్కుపోయాను. ఇవాళ దాని గురించే.

రెండో అధ్యాయం, 46వ శ్లోకం.

యావానర్థ ఉదపానే సర్వతః సంప్లుతోదకే
తావాన్ సర్వేషు వేదేషు బ్రాహ్మణస్య విజానతః

దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పాపం, దీని పక్కిల్లు 47. "కర్మణ్యేవాధికారస్తే". ఆఫీసు గోడల మీద, వాట్సాప్ స్టేటస్‌లో, ఎక్కడ చూసినా అదే. నేను మాత్రం ఇవాళ దాని జోలికి వెళ్ళను. 2011లో మా రైతులు వరి గిట్టుబాటు కావట్లేదని ఖరీఫ్ నాట్లు మానేసి క్రాప్ హాలిడే ప్రకటించారు, గుర్తుందా? ఆ ఏడాది చేను గట్టు మీద ఊరికే కూర్చున్న మా నాన్నతో "ఫలితం ఆశించకు" అనే ధైర్యం నాకు లేకపోయింది. ఇప్పటికీ లేదు. అది ఇంకో వీడియో.

46కి వద్దాం. ఉదపానం అంటే నుయ్యి. సంప్లుతోదకం అంటే పొంగి ముంచెత్తిన నీరు. మామూలుగా చెప్పే అర్థం ఏంటంటే, చుట్టూ ఎటు చూసినా నీళ్ళే అయినప్పుడు నూతితో ఎంత పనో, తత్త్వం తెలిసినవాడికి వేదాలన్నిటితోనూ అంతే పని. దీనికి ముందు శ్లోకాల్లో కృష్ణుడు స్వర్గం కోసం, భోగాల కోసం వేదాల్లోని కర్మకాండ, అంటే యజ్ఞయాగాలు, పట్టుకుని వేలాడేవాళ్ళని మందలిస్తాడు. ఆ ఊపులో వచ్చిన ఉపమానం ఇది.

చిన్నప్పుడు ధనుర్మాసంలో మా రామాలయంలో ఒక పంతులు గారు ఇదే చెప్పారు. "ఊరంతా నీళ్ళైతే ఇంక నూతి దగ్గరికి ఎవరెళ్తారమ్మా?" అన్నారు. అందరూ తలూపారు. నా పక్కన కూర్చున్న మా మామ్మ మాత్రం ఊపలేదు. నా చెవి దగ్గరకొచ్చి, "వరదొచ్చినప్పుడే కదరా నుయ్యి కావాలి! ఈ మాటన్నాయన ఏ లంకలోనూ కాపురం చేసుండడు" అంది.

"మామ్మా, అన్నది కృష్ణుడు."

"అయితే ఏంటి?"

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. లంక అంటే ఇక్కడ రావణుడి ఊరు అనుకోకండి. గోదారి పాయల మధ్య మేట వేసిన నేల మీద వెలిసిన ఊరు. మా మామ్మ 1986 ఆగస్టు వరద చూసిన మనిషి. అప్పుడు ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. ఆమె కృష్ణుణ్ణయినా ప్రశ్నిస్తుంది.

ఆ మాట నాకు మళ్ళీ గుర్తొచ్చింది 2022 జులైలో. గోదారి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, నీటిమట్టం ఆ గీత దాటి ఇంకా పైకి పోయింది. నేను, అమ్మ మేడ మీద ఉన్నాం. కింద అరుగు మునిగింది, బోరింగు పంపు చెయ్యి మాత్రం నీళ్ళ మీద తేలుతున్నట్టు కనపడేది, రెండో రోజు అదీ లేదు. నుయ్యి ఎక్కడుందో పక్కనున్న మందార చెట్టు కొమ్మల్ని బట్టి ఊహించుకోవాలి. ఎటు చూసినా ఎర్రనీళ్ళు. గుక్కెడు తాగడానికి పనికిరావు. సర్వతః సంప్లుతోదకం అంటే ఇదేనండి, నేను కళ్ళారా చూశాను.

సాయంత్రం ఇంజను పడవ వచ్చింది. వాటర్ టిన్నులు తెచ్చారు, ఇంటికి రెండు. అమ్మ ఒకటి తీసుకుని రెండోది వెనక్కి తోసింది. "మా ఇద్దరికీ ఒకటి చాలు బాబూ, అది ఆ పెంకుటింట్లో ఇవ్వండి, చంటిపిల్ల ఉంది."

అమ్మని చూస్తే నాకు గర్వంగా అనిపించింది. మర్నాడు పడవ చీకటి పడేదాకా రాలేదు. మధ్యాహ్నానికే టిన్ను ఖాళీ. వరద నీళ్ళే బిందెతో ముంచి, అందులో పటిక తిప్పి కాసేపు ఉంచితే అడుగున వేలెడు మందం ఒండ్రు దిగింది. పైన తేరిన నీళ్ళు వడకట్టి, గ్యాసు పొయ్యి మీద మరిగించుకున్నాం. "నిన్న నువ్వైనా అడ్డం పడొచ్చు కదరా" అని అమ్మ నన్నే తిట్టింది.

ఇక ఈమధ్య సంగతి. 18 రోజుల్లో 18 అధ్యాయాలు పూర్తి చేస్తానని పెద్ద ప్లాన్ వేసుకున్నాను. ఫోన్లో ఒక యాప్, పదకొండు ప్రవచనాల ఛానళ్ళు, బల్ల మీద మూడు వ్యాఖ్యానాలు. రెండో రోజే బండి ఆగింది. రెండో అధ్యాయంలో 72 శ్లోకాలుంటాయి మరి. 46 దగ్గరికొచ్చేసరికి మామ్మ గుర్తొచ్చింది. వ్యాఖ్యానాలు తెరిచాను.

శంకరాచార్యుల భాష్యం పంతులు గారు చెప్పిన దారిలోనే ఉంది. నూతి వల్ల అయ్యే పని మహాజలంలో ఇమిడిపోతుంది అంటారు. రామానుజుల భాష్యం చూసేసరికి నిటారుగా కూర్చున్నాను. "ఉదపానే", "సంప్లుతోదకే", రెండూ సప్తమీ విభక్తే, అంటే "లో" అని అర్థమిచ్చే విభక్తి. అందుకని ఆయన రెంటినీ కలిపేశారు. వరద వేరు, నుయ్యి వేరు అనుకోకుండా, నలువైపులా నిండుగా నీళ్ళున్న ఒకే జలాశయం అని తీసుకున్నారు. దాహమైనవాడు అందులోంచి తనకెంత కావాలో అంతే తీసుకుంటాడు, ఉన్నదంతా తీసుకోడు. వేదంలో ఉన్నదంతా అందరికోసం కాదు, మోక్షం కోరేవాడు తనకు పనికొచ్చేదే తీసుకోవాలి అని ఆయన తాత్పర్యం.

నేను మోక్షం దాకా వెళ్ళలేదండి. నాకు గుర్తొచ్చింది టిన్ను. నాకు తట్టిన అర్థం చాలా చిన్నది, దాన్ని రామానుజుల నెత్తిన రుద్దను. ఆ రాత్రే యాప్ తీసేశాను. ఛానళ్ళు తొమ్మిది వదిలేశాను, రెండు ఉంచుకున్నాను, మొహమాటానికి. ఇప్పటికీ రెండో అధ్యాయంలోనే ఉన్నాను. టెన్షన్ మాత్రం లేదు.

ఉత్సాహం పట్టలేక అమ్మకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. దాహమైనవాడు కావలసినంతే తీసుకుంటాడట అమ్మా, నువ్వు చేసింది అదే అన్నాను. అమ్మ కాసేపు ఆగి, "బాగానే ఉంది గానీ, ఆ రెండో టిన్ను ఉంచుకోవాల్సిందిరా" అంది.

ఇంకొక్క ముక్క. రామానుజులు చాలాకాలం ఉన్నది శ్రీరంగంలో. ఊరికే మ్యాపు తీసి చూశాను. ఒక పక్క కావేరి, ఇంకో పక్క కొల్లిడం, మధ్యలో ఊరు. లంకే. అందుకే ఆయన అలా అర్థం చెప్పారని నేననను, అలా అనడానికి ఆధారమూ లేదు. మామ్మ ఉంటే మాత్రం ఈ సంగతి చెప్పడానికి ఇవాళే బస్సెక్కేవాణ్ణి.