100 కిలోమీటర్ల సైకిల్ ప్రయాణం: జేబు, గాదె, మధ్యలో ఒక తలుపు

[తెర మీద: రోడ్డు పక్కన చెట్టుకు ఆనించిన సైకిల్]

“నిన్న 30 కిలోమీటర్లు గంటా ఇరవై నిమిషాల్లో తొక్కాను. ఈ లెక్కన 100 కిలోమీటర్లకు నాలుగున్నర గంటలు చాలు కదా?”

మొదటిసారి దూరప్రయాణానికి సిద్ధమవుతున్నవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. భాగహారం తప్పు కాదు. కానీ ఆ లెక్కను నమ్ముకుని బయల్దేరిన మనిషి 60, 70 కిలోమీటర్ల మధ్య ఎక్కడో ఇలా చెట్టుకు సైకిల్ ఆనించి కూలబడతాడు. కాళ్లు కదలవు, చెమట చల్లగా పడుతుంది, కారణం లేకుండా ఏడుపొస్తుంది. ఇంటికి చేరాక “నాకు దమ్ము చాలలేదు” అని తీర్మానించుకుని, మర్నాటి నుంచి ఇంకా వేగంగా, ఇంకా కష్టపడి సాధన మొదలుపెడతాడు. నాకు కోపం వచ్చేది అక్కడే. జబ్బు ఒకటైతే మందు మరొకటి వేసుకుంటున్నాడు.

మన ఒంట్లో శక్తి రెండు చోట్ల దాగి ఉంటుంది. ఒకటి జేబు, రెండోది గాదె.

జేబు అంటే గ్లైకోజన్. మనం తిన్న పిండిపదార్థాలు ఈ రూపంలో కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉంటాయి. మొత్తం కలిపితే 400 నుంచి 500 గ్రాములు. గ్రాముకు 4 కేలరీల చొప్పున 2,000 కేలరీలకు మించదు. గాదె అంటే కొవ్వు. సన్నగా కనిపించే మనిషిలో కూడా ఏడు కిలోల కొవ్వు ఉందనుకుందాం. గ్రాముకు 9 కేలరీలు. లెక్క కట్టండి, 60,000 దాటుతుంది. అంటే చెట్టు కింద కూలబడిన ఆ మనిషి ఒంట్లో మరెన్నో వందల కిలోమీటర్లకు సరిపడా శక్తి ఉంది. గాదె నిండా ధాన్యమే. జేబులో మాత్రం పైసా లేదు.

మరి గాదెలోంచి తీసి వాడుకోవచ్చు కదా? వాడుకోవచ్చు. కానీ గాదె తలుపు చిన్నది. కొవ్వును కరిగించి, రక్తంలోకి పంపి, కండరం దాకా చేర్చి, ఆక్సిజన్‌తో మండించాలి. ఇదంతా నిదానంగా జరిగే పని. జేబులో డబ్బు అలా కాదు, చెయ్యి పెడితే వస్తుంది. అందుకే నెమ్మదిగా తొక్కుతున్నంతసేపు శరీరం చాలా వరకు గాదె మీద నడుస్తుంది. వేగం పెంచిన కొద్దీ గాదె ఇచ్చేది చాలక జేబులో చెయ్యి పెడుతుంది. రొప్పుతూ తొక్కే మనిషికి గంటకు 600 నుంచి 700 కేలరీలు ఖర్చవుతాయి, అందులో ఎక్కువ భాగం జేబులోంచే. రెండున్నర, మూడు గంటలకు జేబు అడుగు తగులుతుంది. గంటకు 22 కిలోమీటర్ల వేగంతో మూడు గంటలంటే ఎంత దూరం? 66 కిలోమీటర్లు. చెట్టు సరిగ్గా అక్కడే ఉంది.

[తెర మీద: రెండు గీతలు. వేగం గీత మెల్లగా, శ్రమ గీత నిటారుగా పైకి]

గాలి సంగతి కూడా చెప్పాలి. చదునైన రోడ్డు మీద వేగం పెరిగేకొద్దీ మన శ్రమలో పెద్ద వాటా గాలిని చీల్చడానికే పోతుంది. ఆ శ్రమ వేగానికి ఘనం లెక్కన పెరుగుతుంది. గంటకు 20 నుంచి 25 కిలోమీటర్లకు వెళ్లారనుకోండి, వేగం పెరిగింది పావు వంతు, గాలి కోసం పెట్టే శక్తి మాత్రం దాదాపు రెట్టింపు. ఆ కొద్దిపాటి వేగాన్ని ఎంత ఖరీదు పెట్టి కొంటున్నామో చూడండి.

ఇప్పుడు అసలు విషయం. దూరప్రయాణానికి సాధన అంటే గాదె తలుపును వెడల్పు చేయడం. వారాల తరబడి నెమ్మదిగా, ఎక్కువసేపు తొక్కితే కండరాల్లో కొవ్వును మండించే మైటోకాండ్రియా (కణాల్లోని చిన్న పొయ్యిలు) పెరుగుతాయి, కండరపు పోగుల చుట్టూ కొత్త రక్తకేశనాళికలు అల్లుకుంటాయి. అదే వేగంలో ఒకప్పుడు జేబులోంచి తీసినదాన్ని ఇప్పుడు గాదెలోంచి తీయగలుగుతారు. రోజూ రొప్పుతూ తొక్కితే? జేబు రోజూ ఖాళీ అవుతుంది, రాత్రికి నిండీ నిండకముందే మళ్లీ ఖాళీ అవుతుంది. అలసట పేరుకుంటుంది కాబట్టి తలుపును వెడల్పు చేసే ఆ పొడవైన ప్రయాణాలకు ఒంట్లో ఓపిక మిగలదు. వేగంగా తొక్కడం చెడ్డదని నేను అనడం లేదు. వారంలో ఒక రోజు చాలు. మిగతా రోజులు నెమ్మదిగా తొక్కండి.

నెమ్మదిగా అంటే ఎంత? దీనికి యంత్రాలేవీ కొనక్కర్లేదు. పక్కనున్న మనిషితో పూర్తి వాక్యాలు తడబడకుండా మాట్లాడగలగాలి. “అవును”, “సరే” అని ఒక్కొక్క మాట విడిచి ఊపిరి తీసుకుంటున్నారంటే జేబులో చెయ్యి పెట్టేశారన్నమాట. ఎత్తు ఎక్కేటప్పుడు కూడా ఇదే కొలత. వేగం గంటకు ఎనిమిది కిలోమీటర్లకు పడిపోయినా పడిపోనివ్వండి.

“ఇంత నెమ్మదిగా తొక్కితే అది సైక్లింగేనా?” అని నొచ్చుకునేవాళ్లకు ఒక సంగతి చెబుతాను. ఫ్రాన్స్‌లో ప్యారిస్ నుంచి పడమటి తీరంలోని బ్రెస్ట్ నగరానికి వెళ్లి తిరిగి ప్యారిస్ చేరే సైకిల్ ప్రయాణం ఒకటుంది. 1891లో మొదలైంది, ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరుగుతుంది, దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. దానికి ఇచ్చే గరిష్ఠ గడువు 90 గంటలు. అంటే తిండి, నిద్ర, ఆగడాలు అన్నీ కలుపుకుని సగటున గంటకు 13 కిలోమీటర్ల పైచిలుకు. అలాంటి ప్రయాణాల్లో తొలి మెట్టు అయిన 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు ఇస్తారు. దూరం తొక్కేవాళ్ల లోకంలో గౌరవం ఆగకుండా సాగినవాళ్లది. నాకు ఆ లోకం మీద ఉన్న ప్రేమకు సగం కారణం ఇదే.

జేబు దగ్గరికి మళ్లీ వద్దాం, ఇంకొక ముఖ్యమైన మెలిక ఉంది. నిజానికి జేబు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ప్రతి కండరానికీ దాని జేబు దానిదే. చేతుల్లో ఉన్న గ్లైకోజన్‌ను కాళ్లు నేరుగా అప్పు తీసుకోలేవు. అందరికీ పంచేది కాలేయం ఒక్కటే, దాన్ని ఇంటి ఉమ్మడి పెట్టె అనుకోండి. అందులో ఉండేది సుమారు 100 గ్రాములు. మెదడు బతికేది దాని మీదే. ఆ పెట్టె అడుగంటితే రక్తంలో చక్కెర పడిపోతుంది. ముందు చిరాకు, తర్వాత తల తిరగడం, చూపు మసకబారడం. చెట్టు కింది మనిషికి ఏడుపెందుకు వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా? అతను పిరికివాడు కాదు. అతని మెదడు ఆకలితో ఉంది.

కాబట్టి దారిలో తినాలి. ఆకలి వేసినప్పుడు కాదు, బయల్దేరిన అరగంట, ముప్పావుగంట నుంచే. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాలు పెట్టుకోండి. ఒక మోస్తరు అరటిపండులో 25 గ్రాములకు పైనే ఉంటాయి. అంటే గంటకు రెండు అరటిపండ్లతో లెక్క సరిపోతుంది. పేగులు గంటకు పీల్చుకోగల గ్లూకోజ్ సుమారు 60 గ్రాములే, ఆలస్యం చేసి ఒక్కసారిగా కుక్కితే కడుపు తిప్పుతుంది. అందుకే తినడం కూడా సాధనలో భాగమే. కొత్త తిండిని అసలు ప్రయాణం రోజున మొదటిసారి రుచి చూడకండి.

ఖాళీ కడుపుతో తొక్కితే గాదె తలుపు త్వరగా తెరుచుకుంటుందని ఒక ప్రచారం ఉంది. మొదటి 100 కిలోమీటర్లకు సిద్ధమవుతున్నవాళ్లు దాని జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను. కొత్తవాళ్లకు కావలసింది ఎక్కువసేపు సీటు మీద ఉండడం. పస్తు ఆ సమయాన్నే తినేస్తుంది.

సమయం దగ్గరపడింది, మిగిలినవి గబగబా చెబుతాను.

గేరు. బరువైన గేరులో నిమిషానికి 50, 60 చుట్లు తొక్కితే త్వరగా అలసిపోయే రకం కండరపు పోగులు పనిలోకి దిగుతాయి. వాటికి జేబు తప్ప గాదె పెద్దగా తెలియదు. తేలిక గేరుకు మారి 80, 90 చుట్లు అలవాటు చేసుకోండి.

సీటు ఎత్తు. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలిలో కొంచెం వంపు మిగులుతుంది. మోకాలి ముందు వైపు నొప్పి వస్తే చాలాసార్లు సీటు కిందికి ఉందని, వెనక వైపు వస్తే పైకి ఉందని అర్థం. చేతివేళ్లు మొద్దుబారుతుంటే హ్యాండిల్ మీద చేతులు తరచూ మార్చండి.

నీళ్లు. దాహాన్ని బట్టి గుటక గుటకగా తాగండి. ఎండలో గంటల తరబడి చెమట పడుతుంటే నీళ్లలో ఉప్పు కూడా ఉండాలి. వట్టి నీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది, అది ప్రమాదం.

దూరం పెంచడం. 30 తొక్కగలిగినవాళ్లు వారానికి ఒక పొడవైన ప్రయాణం పెట్టుకుని, ప్రతిసారీ 8, 10 కిలోమీటర్లు కలపండి. నాలుగో వారం తగ్గించి ఒంటికి ఊపిరి పీల్చుకోనివ్వండి. 70, 80 దాకా వస్తే చాలు, సాధనలో 100 తొక్కనక్కర్లేదు. చివరి వారం బాగా తగ్గించి, జేబులన్నీ నిండనివ్వండి. పంక్చర్ వేసుకోవడం ఇంట్లోనే ఒకసారి చేసి చూడండి.

ఇక ప్రయాణం రోజు. మొదటి గంటలో చాలామంది మిమ్మల్ని దాటిపోతారు, పోనివ్వండి. వాళ్లలో ఎవరో ఒకరు 70వ కిలోమీటరు దగ్గర చెట్టు కింద కనిపించవచ్చు. సైకిల్ ఆపండి. మీ చొక్కా జేబులోంచి ఒక అరటిపండు తీసి ఇవ్వండి. అది అరిగి చక్కెర రక్తంలోకి చేరడానికి పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది, అంతవరకు పక్కనే కూర్చోండి.