“మా కుక్క ఎవరినీ కరవదు”: యజమాని బాధ్యత, బాధితుల పరిహారంపై చర్చ

సమన్వయకర్త: నమస్కారం. పెంపుడు కుక్క కరిస్తే యజమాని ఎంతవరకు బాధ్యుడు, గాయపడిన వారికి ఏం దక్కాలి అన్నది ఈనాటి చర్చాంశం. మనతో ఒక న్యాయవాది, ఒక పశువైద్యురాలు, పొరుగింటి కుక్క కాటుకు గురైన ఒక ఉపాధ్యాయురాలు ఉన్నారు. టీచర్ గారూ, ముందు మీరు చెప్పండి.

ఉపాధ్యాయురాలు: కుడి మణికట్టు మీద కరిచింది. పైకి నాలుగు చుక్కలే కనబడ్డాయి, లోపల కండరాన్ని ఎముకకు కలిపి ఉంచే స్నాయువు దెబ్బతింది. ఇప్పటికీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సుద్దముక్క నిలవదు. పిల్లల నోటుపుస్తకాలు దిద్దాలంటే రెండు పేజీలకే చెయ్యి లాగేస్తుంది. యజమాని ఇంజక్షన్ల డబ్బు ఇచ్చి, “మా కుక్క ఇంతవరకు ఎవరినీ కరవలేదు, మీరే భయపడి చెయ్యి విదిలించారు” అన్నారు. తప్పు నాదేనేమో అని చాలా రోజులు అనుకున్నాను.

న్యాయవాది: తప్పు మీది కాదమ్మా. ఆ మాట మీతో ఎవరైనా అప్పుడే చెప్పి ఉండాల్సింది. “ఇంతవరకు కరవలేదు” అన్నది పాత ఆంగ్ల న్యాయంలో బలమైన వాదనే. కుక్కకు అలాంటి గుణం ఉందని యజమానికి ముందే తెలుసని బాధితులు రుజువు చేయాల్సి వచ్చేది. అంటే మొదటి కాటు నష్టమంతా కరిపించుకున్న మనిషి మీదే పడేది. చాలాచోట్ల ఆ పద్ధతి మారింది. కాలిఫోర్నియాలో బహిరంగ స్థలంలో ఉన్నవారిని గానీ, ఇంట్లోకి న్యాయంగా వచ్చినవారిని గానీ కుక్క కరిస్తే దాని గత చరిత్రతో పనిలేకుండా యజమాని నష్టం భరించాలి. న్యూయార్క్ చాలా ఏళ్లు పాత దారిలోనే నడిచింది. 2025లో ఒక తపాలా ఉద్యోగిని కుక్క కరిచిన కేసులో అక్కడి అత్యున్నత న్యాయస్థానం, యజమాని నిర్లక్ష్యం మీద కూడా దావా వేయవచ్చని తేల్చింది. జర్మనీ పౌర స్మృతి 833వ సెక్షను ఇంకా సూటిగా ఉంటుంది. సరదాకు పెంచుకునే జంతువు హాని చేస్తే, యజమాని తప్పు ఉందా లేదా అన్న ప్రశ్నే రాదు. జీవనోపాధికి వాడే కుక్క అయితేనే, “నేను తగిన జాగ్రత్త తీసుకున్నాను” అని నిరూపించుకునే వీలుంది.

సమన్వయకర్త: కానీ రెచ్చగొడితే ఏ కుక్కయినా కరుస్తుంది కదా?

పశువైద్యురాలు: రెచ్చగొట్టడం అంటే రాయి విసరడం, కర్రతో పొడవడం, తోక పట్టి లాగడం. భయంతో చెయ్యి వెనక్కి తీసుకోవడం రెచ్చగొట్టడం కాదు. చిన్నపిల్లల విషయంలో ఈ మాట అసలే తేకూడదు. నేను కుక్కల పక్షాన మాట్లాడే మనిషిని, అందుకే ఇది గట్టిగా చెబుతున్నాను. చాలా కుక్కలు హఠాత్తుగా కరవవు. ఒళ్లు బిగుసుకుంటుంది, ముఖం పక్కకు తిప్పుతుంది, కంటి తెల్లగుడ్డు నెలవంకలా కనబడుతుంది, ఊరకే పెదవులు నాకుతుంది, ఆ తర్వాత గుర్రుమంటుంది. యజమాని దీన్ని మొండితనం అనుకుని కొడతాడు. దెబ్బలు తిన్న కుక్క గుర్రుమనడం మానేస్తుంది, భయం మాత్రం అలాగే ఉంటుంది. ఆ తర్వాత ఏ హెచ్చరికా లేకుండా కరుస్తుంది. అప్పుడు “ఎన్నడూ లేనిది ఇలా చేసింది” అంటారు. రోజంతా పక్కనే ఉన్నవారికి తెలియకపోతే, దారిన పోయేవారికి ఎలా తెలుస్తుంది?

న్యాయవాది: బ్రిటన్‌లో 1991 నాటి ప్రమాదకర కుక్కల చట్టం అయితే కాటు పడేదాకా ఆగదు. కుక్క అదుపు తప్పి, గాయపరుస్తుందేమో అన్న సహేతుకమైన భయం కలిగించినా అది నేరమే. ఇంగ్లండు, వేల్స్‌లలో 2014 నుంచి సొంత ఇంటి ఆవరణకూ అది వర్తిస్తుంది. ఆగంతకుడిగా చొరబడినవారి విషయంలో మినహాయింపు ఉంది.

సమన్వయకర్త: మరి పరిహారం?

న్యాయవాది: ఇక్కడే జనం పొరబడతారు. శిక్ష వేరు, పరిహారం వేరు. మన దేశపు నేర చట్టం భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ప్రకారం జంతువు విషయంలో తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. జరిమానా ఖజానాకు వెళుతుంది. కోర్టు ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప, గాయపడిన వారికి అందులో ఏమీ రాదు. పరిహారం కోసం సివిల్ దావా వేయాలి. అందులో ఇంజక్షన్ల బిల్లు ఒక చిన్న భాగం మాత్రమే. పోయిన జీతం, ఫిజియోథెరపీ, ముందుముందు కావాల్సిన శస్త్రచికిత్స, మచ్చ, అనుభవించిన నొప్పి, కుక్క కనబడితే కాళ్లు వణికే భయం, ఇవన్నీ లెక్కలోకి రావాలి. టీచర్ గారికి చెయ్యే జీవనాధారం. అదే గాయం మరొకరికి అయితే లెక్క వేరుగా ఉంటుంది.

సమన్వయకర్త: యజమానికి అంత స్తోమత లేకపోతే?

న్యాయవాది: తీర్పు కాగితం మీదే మిగిలిపోతుంది. అందుకే బెర్లిన్ వంటి చోట్ల కుక్కను పెంచేవారికి బీమా తప్పనిసరి చేశారు. నా దృష్టిలో అన్నిచోట్లా చేయాల్సిన పని ఇదే. శిక్షలు పెంచడం కంటే దీనివల్ల బాధితులకు ఎక్కువ మేలు జరుగుతుంది.

పశువైద్యురాలు: ఒక్క మాట చేర్చనివ్వండి. కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడగాలి, ఆ తర్వాత ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. టీకా వేయించాం అని యజమాని చెప్పినా వైద్యం ఆపకూడదు. చర్మం చీలి రక్తం వస్తే, డాక్టరు సూచన మేరకు రేబిస్‌ను వెంటనే అడ్డుకునే ప్రతిరక్షకాల మందు ఇమ్యునోగ్లోబులిన్ కూడా గాయంలోనే ఇవ్వాల్సి ఉంటుంది. కొందరు యజమానులు గొడవకు భయపడి కుక్కను రాత్రికి రాత్రే ఎక్కడికో పంపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పది రోజులు దాన్ని గమనించాలి. అది కళ్లముందు ఆరోగ్యంగా ఉందా లేదా అన్నది డాక్టరుకు ఎంతో అవసరమైన సమాచారం.

ఉపాధ్యాయురాలు: నన్ను ఒకటి అడగనివ్వండి. డబ్బు ఇచ్చిన రోజు యజమాని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఇక నాకు దారి లేనట్టేనా?

న్యాయవాది: ఆ కాగితంలో ఏం రాశారో చూడాలి. “మందుల ఖర్చు ముట్టింది” అని మాత్రమే ఉంటే అది రసీదు, మిగతా నష్టానికి అడ్డు రాదు. “ఇకపై ఏ హక్కూ లేదు” అని ఉంటే కష్టమే. అప్పటికి గాయం తీవ్రత మీకు తెలియదని, ఏ పరిస్థితిలో సంతకం పెట్టారో కోర్టుకు చూపాల్సి ఉంటుంది. గాయం మానకముందే ఎవరూ అలాంటి కాగితం మీద సంతకం పెట్టవద్దు. మీరు మాత్రం ఆ కాగితం, మొదటి రోజు ఫొటోలు, బిల్లులు, సెలవు చీటీలు, స్నాయువు గురించి డాక్టరు రాసిన నివేదిక తీసుకుని త్వరగా ఒక న్యాయవాదిని కలవండి. దావాకు గడువు ఉంటుంది, అది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.