డాస్‌టుయునిక్స్ రివ్యూ: లైన్ చివర దాక్కున్న 13 సంగతి

నమస్తే అండి. విండోస్‌లో రాసిన షెల్ స్క్రిప్ట్‌ని లైనక్స్ సర్వర్‌లో పెట్టి రన్ చేస్తే "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అని ఎర్రర్ వస్తుంది. కోడ్ ఎన్నిసార్లు చదివినా తప్పు దొరకదు. ఆ మెసేజ్‌లో బాష్ (స్క్రిప్ట్‌ని నడిపే ప్రోగ్రామ్) పక్కన టోపీ గుర్తు, ఎమ్ అక్షరం కనిపిస్తే ఇక స్క్రిప్ట్‌ని తిట్టుకోకండి.

విండోస్ ప్రతి లైన్ చివర కంటికి కనపడని రెండు కోడ్‌లు పెడుతుంది: 13, 10. పాత టెలిటైప్ మెషీన్లలో 13 హెడ్‌ని లైన్ మొదటికి తెచ్చేది, 10 కాగితాన్ని ఒక లైన్ జరిపేది. లైనక్స్‌కి 10 ఒక్కటే చాలు. మిగిలిన 13ని (టోపీ, ఎమ్‌గా కనిపించేది ఇదే) అది బాష్ పేరులో భాగం అనుకుంటుంది, అలాంటి ప్రోగ్రామ్ లేదంటుంది.

దీనికి డాస్‌టుయునిక్స్ అనే ఉచిత టూల్ ఉంది. ముందు మైనస్ ఐ ఆప్షన్ ఇచ్చి చూడండి. ఫైల్‌ని ముట్టుకోకుండా, ఏ రకం లైన్లు ఎన్ని ఉన్నాయో చెబుతుంది. సగం అలా, సగం ఇలా ఉన్న ఫైళ్లు ఇక్కడే బయటపడతాయి. ఫొటోల్లాంటి బైనరీ ఫైళ్లని తనే వదిలేస్తుంది.

నాకు బాగా నచ్చింది తెలుగు ఫైళ్ల విషయం. అక్షరాలని బైట్లుగా దాచే పద్ధతులు యూటీఎఫ్ 8, యూటీఎఫ్ 16. యూటీఎఫ్ 8లో మన అక్షరానికి మూడు బైట్లు, వాటిలో 10 గానీ 13 గానీ రావు, భయం లేదు. యూటీఎఫ్ 16లో మాత్రం "ఊ" అక్షరం బైట్లు 12, 10! 10 కనపడ్డ చోటల్లా ముందు 13 చేర్చే మొరటు స్క్రిప్ట్ వాడారా, "ఊరు" అన్న మాట దగ్గర ఫైల్ పాడైపోతుంది. దీని జోడీ టూల్ యునిక్స్‌టుడాస్ అలా చేయదు. ఫైల్ మొదట్లో బామ్ (ఏ పద్ధతిలో దాచారో చెప్పే గుర్తు) ఉంటే యూటీఎఫ్ 16 అని పసిగట్టి, అక్షరాల లెక్కనే మారుస్తుంది.

నచ్చనిది ఒకటే, అడక్కుండా అసలు ఫైల్ మీదే రాసేస్తుంది. పాతది ఉండాలంటే మైనస్ ఎన్ ఇచ్చి, కొత్త ఫైల్ పేరు కూడా చెప్పాలి.

నా రేటింగ్ 5కి 4. టీమ్‌లో కొందరు విండోస్, కొందరు మ్యాక్ వాడుతుంటే దీన్ని రోజూ నడపడం దండగ. గిట్ (కోడ్ మార్పులని దాచిపెట్టే టూల్) యాట్రిబ్యూట్స్ ఫైల్‌లో, లైన్ చివరలని గిట్టే చూసుకోమని చెప్పే లైన్ పెట్టి, రీనార్మలైజ్ చేసి (అంటే పాత ఫైళ్లకీ ఆ పద్ధతి వర్తింపజేసి) కమిట్ కొట్టండి. డాట్ బ్యాట్ ఫైళ్లకి మాత్రం విండోస్ పద్ధతే ఉంచండి, లేకపోతే గోటూ లేబుల్స్ దగ్గర తేడా చేస్తాయి.