జర్మన్ రాజ్యాల వెండి టాలర్లు: ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరికీ నమస్కారం.

జర్మన్ రాజ్యాల వెండి నాణేలు సేకరించాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది, "దేంతో మొదలుపెట్టమంటారు?" అనే. ఫెరైన్స్‌టాలర్‌తో మొదలుపెట్టండి అంటాను. 1857లో వచ్చి, 1871తో ఆగిపోయిన నాణెం అది.

అప్పటికి జర్మనీ అనే ఒక్క దేశం లేదు. ప్రష్యా, బవేరియా, సాక్సనీ, హానోవర్, ఇంకా చిన్నాచితకా సంస్థానాలు, స్వతంత్ర నగరాలు. ఉత్తరాన టాలర్, దక్షిణాన గుల్డెన్ అనే వేరే నాణెం. సరుకుతో సరిహద్దు దాటే వ్యాపారికి మారకం లెక్కలే పెద్ద తలనొప్పి. 1857 జనవరిలో వియన్నాలో ఆస్ట్రియాతో కలిసి చాలా రాజ్యాలు ఒక మాట మీదికొచ్చాయి. 500 గ్రాముల మేలిమి వెండికి 30 టాలర్లు కొట్టాలని. అవే ఫెరైన్స్‌టాలర్లు. ఒక్కోటి 18.52 గ్రాములు, తొంభై శాతం వెండి. మన పాత వెండి రూపాయి 11.66 గ్రాములే కాబట్టి, చేతిలో పెట్టుకోగానే బరువు తెలిసిపోతుంది. బొమ్మ వైపు ఎవరి రాజు వాళ్లకే, తూకం మాత్రం అందరికీ ఒకటే. దేశం ఒకటి కావడానికి 14 ఏళ్ల ముందే వెండి ఒకటైంది. నాకు ఈ నాణెం మీద ఇంత ఇష్టం అందుకే.

ఫ్రాంక్‌ఫర్ట్ టాలర్ చూడండి. రాజు లేని నగరం కాబట్టి, నగరానికే రూపం ఇచ్చినట్టు ఒక స్త్రీ ముఖం వేసుకున్నారు. 1866 యుద్ధంలో గెలిచిన ప్రష్యా ఫ్రాంక్‌ఫర్ట్‌నూ హానోవర్‌నూ కలిపేసుకుంది. టంకశాలలు మాత్రం మూతపడలేదు. ఆ తర్వాత అక్కడ ప్రష్యా రాజు విల్హెల్మ్ బొమ్మతో టాలర్లు కొట్టారు. ఆ బొమ్మ కింద ఏ టంకశాలలో కొట్టారో చెప్పే చిన్న అక్షరం ఉంటుంది: ఏ అంటే బెర్లిన్, బి అంటే హానోవర్, సి అంటే ఫ్రాంక్‌ఫర్ట్. ఆ స్త్రీ ముఖం ఉన్న టాలర్‌నూ, ఈ సి అక్షరం టాలర్‌నూ పక్కపక్కన పెట్టుకోండి. ఒక నగరం స్వాతంత్ర్యం ఎలా పోయిందో ఆ రెండే చెబుతాయి. లక్షలు పోసి అరుదైనవి కొనక్కర్లేదు.

1873లో జర్మనీ బంగారం ఆధారంగా నడిచే మార్కు అనే కొత్త నాణేనికి మారింది. టాలర్లు మూడు మార్కుల కింద 1907 దాకా చెల్లినా, చాలావాటిని కరిగించి ఆ వెండిని బయట అమ్మేశారు. అమెరికా గనుల వెండి కూడా తోడై వెండి ధర పడిపోయింది. దాంతో మన రూపాయి కూడా పడింది. ఒకప్పుడు ఇంగ్లండు డబ్బులో రెండు షిల్లింగుల దాకా పలికిన రూపాయి దిగజారుతూ పోయి, చివరికి 1893లో జనం తెచ్చిన వెండికి రూపాయలు కొట్టివ్వడం ఇండియాలో ఆపేశారు.

ఇక కొనేటప్పుడు. ముందు తూకం వేయండి. తర్వాత అంచు చూడండి. ప్రష్యా టాలర్ అంచు మీద "దేవుడు మనతో ఉన్నాడు" అని జర్మన్‌లో రాసి ఉంటుంది. పోతపోసిన నకిలీల్లో ఆ అక్షరాలు మొద్దుబారి ఉంటాయి, కొన్నిటికి అతుకు గీత కూడా కనబడుతుంది. నల్లబడిందని విభూతితోనో టూత్‌పేస్టుతోనో దయచేసి తోమకండి. తోమిన నాణేనికి సగం ధర కూడా రాదు, పోయిన పైపొర మళ్లీ రాదు.

ఈ బల్ల మీద నాలుగు టాలర్లు పెట్టాను. అంచులు పట్టుకుని చూడండి, ప్రశ్నలుంటే అడగండి.